ఖాళీ గడి

ముందుగా ఒక నిజం ఒప్పుకుందాం. మనలో ల్యాబ్ రీడింగులు వండని వాళ్ళు ఎంతమంది? గ్రాఫు ముందు గీసేసుకుని, దాని మీద నుంచి వెనక్కి రీడింగులు దింపుకోవడం ఫస్టియర్‌లోనే సీనియర్లు నేర్పే విద్య. నాకూ నేర్పారు, బాగానే వంటబట్టింది. ఎంత బాగా అంటే, కిందటి వేసవిలో ఇంటర్న్‌షిప్‌లో కూడా ఒక రీడింగు వండాను. కాకపోతే ఈసారి అది పెండ్యులం టైం పీరియడ్ కాదు. సముద్రం మీదికి మనుషుల్ని తీసుకెళ్ళే ఒక ఇనప బోటు అడుగు మందం.

మన పత్రికలో కవితలు, కథలు బాగానే వస్తున్నాయి కాబట్టి ఈసారి నేను తుప్పు గురించి రాస్తున్నాను. ఇనప బోటుకి తుప్పు ఎక్కడ పడుతుంది, దాన్ని ఎలా కొలుస్తారు, ఎలా బాగుచేస్తారు, మధ్యలో నేను చేసిన వెధవపని ఏమిటి - ఇదీ వరస. మెకానికల్ వాళ్ళకి పాఠం, మిగతావాళ్ళకి కాలక్షేపం.

అరవై ఒక్క రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. 61 రోజులు వలలు ఒడ్డునే ఉంటాయి. బోట్ల రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే. మన సెలవులూ సరిగ్గా అప్పుడే కాబట్టి, విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను.

నాకు అప్పగించిన బోటు పొడవు 14 మీటర్లు. అడుగు ప్లేట్లు కొత్తలో 6 మిల్లీమీటర్ల మందం. లోపల అరమీటరుకొకటి చొప్పున పక్కటెముకల్లా ఫ్రేములు. మధ్యలో ఐసు వేసి చేపలు నింపే గది, వెనక ఇంజను. దాన్ని స్లిప్‌వే మీదికి లాగి, కింద చెక్క దిమ్మలు పెట్టి నిలబెట్టారు. నా పని బోటు బాడీ మీద సుద్దతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ప్లేటు మందం కొలిచి, పట్టికలో రాయడం. పైన మేస్త్రి ఉన్నారు. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నలభై ఏళ్ళుగా ఇదే పని ఆయనకి.

తుప్పు అంటే షార్ట్ సర్క్యూట్

ఇంటర్‌లో చదివిందే, ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఉక్కు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీళ్ళలోకి దిగిపోతుంది. అది ఆనోడు. ఇంకోచోట ఆ ఎలక్ట్రాన్లని నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తీసుకుంటుంది. అది కాథోడు. ఎలక్ట్రాన్లు ఉక్కులోంచి ప్రయాణిస్తాయి, అయాన్లు ఉప్పునీటిలోంచి. అంటే సముద్రంలో తేలే ఇనప బోటు తనని తానే షార్ట్ చేసుకున్న ఒక బ్యాటరీ అన్నమాట.

పెయింటు లేని ఉక్కు సముద్రపు నీళ్ళలో ఏడాదికి, ఒక్కో వైపు, సుమారు 0.1 మిల్లీమీటరు తరుగుతుంది. ఈ లెక్కన 6 మిల్లీమీటర్ల ప్లేటుకి దశాబ్దాల ఆయుష్షు ఉండాలి. మరి బోట్లకి చిల్లులెందుకు పడుతున్నాయి? ఎందుకంటే తుప్పు సమానంగా తినదు. ఒక్కచోట కూర్చుని గుంట తవ్వుతుంది.

ఆ గుంట వెనక ఒక తమాషా ఉంది. బురదో, పొలుసులో, తడిసిన ఫోమో పేరుకున్న చోట కిందకి ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ అందని చోటు క్షేమంగా ఉంటుందని మనం అనుకుంటాం. జరిగేది దానికి తిరగబడి. ఆక్సిజన్ బాగా అందే చుట్టుపక్కల భాగమంతా కాథోడు అయిపోయి, అందని ఆ చిన్న చోటు ఆనోడు అవుతుంది. పెద్ద కాథోడు, బుల్లి ఆనోడు. ఊరందరి అప్పూ ఒక్కడి నెత్తిన పడ్డట్టు, కరెంటంతా ఆ ఒక్క గుంటలోంచే వస్తుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ భయంకరంగా కనిపించే చోట నిజంగా పోయింది తక్కువే కావచ్చు. పెయింటు నున్నగా కనిపించే చోట అవతలి వైపు నుంచి ముప్పావు వంతు పోయి ఉండొచ్చు.

జింకు దిమ్మ కాపాడలేని చోటు

బోటు అడుగున, చుక్కాని దగ్గర, జింకు దిమ్మలు బిగిస్తారు. సముద్రపు నీళ్ళలో జింకు పొటెన్షియల్ సుమారు మైనస్ 1.0 వోల్టు, ఉక్కుది మైనస్ 0.6, కంచు ప్రొపెల్లర్‌ది మైనస్ 0.3 చిల్లర. ఈ మూడూ ఒకే నీళ్ళలో, ఒకే లోహపు కనెక్షన్‌తో ఉంటే అన్నిటికంటే కింద ఉన్నది కరుగుతుంది. జింకు ఉన్నంతకాలం అది కరిగి ఉక్కుని కాపాడుతుంది. జింకు అయిపోతే ఆ వంతు ఉక్కుది, ప్రొపెల్లర్ మాత్రం హాయిగా మెరుస్తూ ఉంటుంది.

నేను చేరిన మూడో రోజు పక్క బోటుకి పెయింటు వేస్తూ ఒక కుర్రాడు జింకు దిమ్మలకి కూడా శ్రద్ధగా రెండు కోట్లు వేసేశాడు. బాబాయ్ చూసి తల పట్టుకున్నారు. పెయింటు వేసిన జింకు కరగదు. కరగకపోతే కాపాడదు. ఏడాది తర్వాత కూడా దిమ్మ కొత్తదానిలా ఉందంటే సంతోషపడకూడదు, అది పని చెయ్యలేదని అర్థం.

అయితే ఆ దిమ్మలు బయటి నీళ్ళలో మునిగి ఉన్న వైపునే కాపాడతాయి. కరెంటు పారాలంటే జింకుకీ ఆ చోటుకీ మధ్య నీళ్ళు తెగకుండా ఉండాలి కదా. బోటు లోపల ఇంజను కింద నిలిచిన నీళ్ళకీ, ఐసు గది ఫోము వెనక చేరిన నీళ్ళకీ బయటి జింకుతో సంబంధమే లేదు. అందుకే ఇనప బోట్లు ఎక్కువగా లోపలి నుంచే చస్తాయి.

మందం కొలవడం

కొలిచే యంత్రం పేరు అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్. అరచేతిలో పడుతుంది. ప్లేటు మీద కొంచెం జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, శబ్దం అవతలి అంచుకి తగిలి తిరిగి వస్తుంది. ఉక్కులో శబ్దవేగం సెకనుకి సుమారు 5,900 మీటర్లు. 6 మిల్లీమీటర్ల ప్లేటులో పోయి రావడానికి పట్టేది రెండు మైక్రోసెకన్లు. వేగాన్ని కాలంతో గుణించి సగం చేస్తే మందం.

ఇందులో పెయింటు ఒక ఉచ్చు. పెయింటులో శబ్దం ఉక్కులో కంటే సగానికి తక్కువ వేగంతో నడుస్తుంది. యంత్రానికి ఆ సంగతి తెలీదు. అరమిల్లీమీటరు పెయింటుని ఒక మిల్లీమీటరుకి పైగా ఉక్కు కింద లెక్కేస్తుంది. పెయింటు మీదే కొలిస్తే లేని మందం చూపిస్తుందన్నమాట. అందుకే ప్రతి గడిలో రూపాయి బిళ్ళంత మేర గ్రైండరుతో మెరిసేలా గీకి, అప్పుడు కొలవాలి. సాధారణంగా అసలు మందంలో 20-25 శాతం దాటి పోతే ఆ ప్లేటు మార్చాల్సిందే. మన బోటుకి ఆ గీత 4.5 దగ్గర గీశారు.

మే నెల మధ్యలో, విశాఖ ఎండలో, బోటు కింద వెల్లకిలా పడుకుని నాలుగు రోజుల్లో రెండు వందలకి పైగా గళ్ళు కొలిచాను. ఎడమ వైపు, ఏడో ఫ్రేము దగ్గర ఒక గడికి మాత్రం చెక్క దిమ్మ అడ్డం వచ్చింది. బోటు బరువు దాని మీదే ఉంది, తియ్యడానికి లేదు. పక్క గడిలో 5.3, ఇటు పక్క గడిలో 5.1. సాయంత్రం అయింది, ఆకలి వేస్తోంది. మధ్యలో 5.2 అని రాసేశాను.

ఆ క్షణంలో అది అబద్ధంలా అనిపించలేదు. ఇంటర్‌పొలేషన్‌లా అనిపించింది.

సుత్తి

జూన్ 5న, అడుగు పెయింటు పూర్తి చెయ్యడానికి దిమ్మల్ని పక్కకి జరిపారు. బాబాయ్ చిప్పింగ్ సుత్తి పట్టుకుని కొత్తగా బయటపడ్డ చోట్లన్నీ తట్టుకుంటూ వస్తున్నారు. మంచి ప్లేటు ఖంగుమంటుంది. ఏడో ఫ్రేము దగ్గర శబ్దం మారింది. తడి అట్టపెట్టెని కొట్టినట్టు డుబ్ అంది. ఆయన సుత్తి తిప్పి మొనవైపుతో ఇంకో రెండు దెబ్బలు వేశారు. మూడో దెబ్బకి మొన లోపలికి దిగిపోయింది. సుత్తి వెనక్కి లాగితే చిల్లులోంచి నల్లటి నీళ్ళు ధారగా కారాయి.

ఆయన పట్టిక తెప్పించారు.

"ఇక్కడ అయిదు పాయింట్ రెండని రాసినావు గదా బాబూ. మిషనేటి సెప్పింది?"

"మిషన్ పెట్టలేదు బాబాయ్. దిమ్మ అడ్డం ఉంది. రెండు పక్కలా చూసి…"

నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. చేతిలో కాగితం వంక చాలాసేపు చూశారు.

"తెలీకపోతే గడి ఖాళీగా ఒగ్గీ బాబూ. ఖాళీ గడి సూస్తే నాను సుత్తట్టుకుని ఎల్తాను. అంకె సూస్తే ఎల్లను."

అంతే అన్నారు. ఆ బోటులో కళాసీలు ఎనిమిది మంది ఎక్కుతారు. వారం పైగా నీళ్ళ మీదే ఉంటారు. పెయింటు కోసం దిమ్మలు జరపకపోయినా, తట్టి చూసే అలవాటు ఆయనకి లేకపోయినా, ఆ 5.2 వాళ్ళ కాళ్ళ కింద సముద్రంలోకి వెళ్ళేది.

లోపల ఐసు గది ఫోము కోసి చూస్తే కథంతా బయటపడింది. గది గోడకి వేసిన ఫైబర్ పొర ఒక మూల పగిలింది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి ఫోము వెనక్కి దిగాయి. నీళ్ళు వెనక్కి పారిపోవడానికి ఫ్రేము అడుగున ఒక కంత ఉంటుంది. ఆ కంత పొలుసులతో, పెయింటు పెచ్చులతో మూసుకుపోయింది. నీళ్ళు అక్కడే నిలిచాయి. ఆక్సిజన్ అందని మూల, బుల్లి ఆనోడు. నేను కొలిచిన రెండు పక్క గళ్ళూ ఆ కంతకి ఎగువనా దిగువనా పొడిగా ఉన్నాయి. వాటి సగటు మధ్యగడికి ఎలా వర్తిస్తుంది? గుంట తవ్వే తుప్పుకి సగటు ఉండదని పరీక్షలో రాసినవాణ్ణే, బోటు మీద మర్చిపోయాను.

అతుకా, మార్పా

ఓనరు గారు వచ్చారు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగుస్తుంది. మొదటి వేటకి మంచి చేప పడుతుంది, మంచి ధర వస్తుంది. "పైనొక ప్లేటు అతికించేయండి, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆయన తొందరలో అన్యాయమేమీ లేదు. రెండు నెలలుగా రాబడి లేదు, వడ్డీలు ఆగవు.

పాత ప్లేటు మీద కొత్త ప్లేటు పరిచి అంచులు వెల్డింగ్ చెయ్యడాన్ని డబ్లర్ అంటారు. ఒక్క రోజు పని. కానీ లోపలి తుప్పు అలాగే ఉంటుంది. రెండు ప్లేట్ల మధ్య చేరిన తడి బయటికి పోదు. పల్చబడ్డ పాత ప్లేటు మీద వెల్డింగ్ సరిగా పట్టదు. ఆపైన ఆ చోట మళ్ళీ మందం కొలిస్తే శబ్దం మొదటి ప్లేటు దగ్గరే తిరిగొచ్చేస్తుంది, వెనకేముందో ఎప్పటికీ తెలీదు. దారిలో ప్రమాదం జరిగితే రేవుకి చేరడానికి డబ్లర్ వేస్తారు. దాన్నే రిపేరు అనుకోకూడదు. బాబాయ్ మాటల్లో చెప్పాలంటే అది పుండు మీద పౌడరు.

నాకు వేరే సంగతి తట్టింది. నేను రాసిన 5.2 కూడా డబ్లరే. లోపల ఏముందో చూడకుండా పైన నున్నగా పరిచిన ప్లేటు.

బాబాయ్ ఓనరుని ఐసు గదిలోకి దింపి చిల్లులోంచి పగటి వెలుతురు చూపించారు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. కోసి మార్చడానికే ఒప్పుకున్నారు.

మార్చే పద్ధతి

మొదటి జాగ్రత్త మనిషికి. వెనక భాగంలో ఎప్పుడూ మూసి ఉండే ఒక ఇనప అర ఉంది. అందులోంచి కూడా ప్లేటు చూడాలి. మూత తీసి ఒక రోజంతా బ్లోయరు పెట్టారు. తుప్పు పట్టడమంటే ఆక్సిజన్ ఖర్చవడం. మూసిన గదిలో గాలిలోని 21 శాతం ఆక్సిజన్‌ని గోడలే తినేస్తాయి. వాసన రాదు, దగ్గు రాదు, దిగిన మనిషి కూలిపోతాడు. పడినవాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పడతాడు. గ్యాస్ మీటరుతో చూసి, పైన ఒక మనిషిని కాపలా పెట్టాకే దిగాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఫోము. కోసే చోటు చుట్టూ బాగా దూరం దాకా తీసేశారు. ఫోము అంటుకుంటే వచ్చే పొగ విషం.

ఆ పైన కోత. చిల్లు బొటనవేలంతే, కోసిన ముక్క మాత్రం 700 బై 450 మిల్లీమీటర్లు. తుప్పు ఆగిన చోట కాదు, మంచి మందం మొదలైన చోట కొయ్యాలి. మూలలు గుండ్రంగా, కనీసం 100 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఉండాలి. చదరపు మూలలో ఒత్తిడి పోగవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడల్లో పగుళ్ళు ఎక్కువగా పుట్టింది డెక్కు మీది హాచ్‌ల చదరపు మూలల దగ్గరే. కొత్త వెల్డు గీత ఫ్రేము మీద పడకుండా చూసుకోవాలి. ఫ్రేము అడుగు కూడా తినేసి ఉంది కాబట్టి అదీ కోసి కొత్తది వేశారు. ఈసారి నీళ్ళ కంత పెద్దది పెట్టారు.

వెల్డింగ్‌కి అంచులు రెండూ ఏటవాలుగా గ్రైండ్ చేసి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలారు. వాడింది 7018 రాడ్లు. ఇవి చెమ్మ తగలకుండా ఓవెన్‌లో వేడిగా ఉండాలి. చెమ్మలోని హైడ్రోజన్ వెల్డులోకి దిగితే తర్వాత పగులుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ ఒకే బిగిన లాగేస్తే ప్లేటు అప్పడంలా వంగిపోతుంది. అందుకని ఇక్కడ జానెడు, దానికి ఎదురుగా జానెడు, చల్లారాక ఇంకోచోట. బయట పూర్తయ్యాక లోపలి వైపు నుంచి మొదటి పొరని గ్రైండరుతో తవ్వి, మంచి లోహం కనపడ్డాక మళ్ళీ నింపారు.

పరీక్ష చూసి నేను ముచ్చటపడిపోయాను. వెల్డు గీతకి బయట సున్నం పూసి ఆరనిచ్చారు. లోపలి వైపు కిరసనాయిలు రాశారు. వెంట్రుక వాసి సందున్నా కిరసనాయిలు దూరి సున్నం మీద మరక వేస్తుంది. రాత్రంతా ఉంచారు. తెల్లారి టార్చితో చూస్తే సున్నం తెల్లగానే ఉంది.

చివరికి పెయింటు. ముందు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు మిగిలితే అది పెయింటు కింద నీళ్ళని లాగి బుడగలు లేపుతుంది. తర్వాత ఇసుకలాంటి గ్రిట్‌తో కొట్టి తెల్ల లోహం దాకా తెచ్చి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు. ప్లేటు ఉష్ణోగ్రత, మంచుబిందు ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. విశాఖ ఉక్కపోతలో తెల్లవారుజామున అది కుదరదు, కంటికి కనపడని చెమ్మ ప్లేటు మీద ఉంటుంది. అంచులకి, వెల్డు గీతలకి ముందు బ్రష్‌తో ఒక చార అదనంగా వెయ్యాలి. పెయింటు పదును అంచుల మీద నిలవదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆఖరున కొత్త జింకు దిమ్మలు, పెయింటు తగలకుండా.

ఇంతా చేశాక ఇనప బోటంటే నాకు గౌరవం పెరిగింది. ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మొయితెస్సియే తెరచాప పడవ 'జాషువా' ఇలాంటి ఉక్కుదే, 1962లో కట్టారు. 1982లో మెక్సికో తీరంలో తుఫానుకి ఒడ్డున పడి నలిగిపోయింది. దాన్ని బాగుచేసి మళ్ళీ నీళ్ళలోకి దించారు. ఇప్పుడు ఫ్రాన్సులోని లా రోషెల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. ఉక్కు సొట్టపడుతుంది, తుప్పు పడుతుంది. కానీ చెడినంత మేర కోసి, అదే ఉక్కుతో అతికి, మళ్ళీ ఒక్క ముక్కగా చెయ్యొచ్చు. ఎక్కడ చెడిందో ఎవరో ఒకరు నిజం చెప్తే చాలు.

మూడు రోజులు

మా బోటు జూన్ 17న నీళ్ళలోకి దిగింది. మూడు రోజులు ఆలస్యం. పక్క బోట్లన్నీ 15 తెల్లారేసరికి వెళ్ళిపోయాయి. మా కళాసీలు గట్టు మీద కూర్చుని వాటిని చూశారు. మే నెలలోనే ఆ గడి ఖాళీగా వదిలి ఉంటే ఈ పనంతా నిషేధం రోజుల్లోనే అయిపోయేది. ఆ మూడు రోజుల వేట నా లెక్కలో ఉంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కళాసీలకి సంగతి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. బోటు వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఒకాయన నాకు చెయ్యి ఊపాడు. నేను సరిగా ఊపలేకపోయాను.

ఈ సెమిస్టర్‌లో ఒక ల్యాబ్‌లో ఏడో రీడింగు దగ్గర మీటరు మొరాయించింది. రికార్డులో ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన "మీటరు పని చెయ్యలేదు" అని రాశాను. సారు ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి అర మార్కు తీసేశారు. పక్క బెంచివాడు నవ్వాడు.

"ఆరూ ఎనిమిదీ ఉన్నాయి కదరా, మధ్యది వేసేస్తే పోయేది కదా!"

వాడి కోసమే ఇదంతా రాశాను.